ఎర్రగీత మీద నీలి సిరా

ఆ పెన్నుల దుకాణం ముందు ఆమె పదకొండేళ్ళుగా ఆగుతూనే ఉంది. లోపలికి మాత్రం ఒక్కసారీ అడుగు పెట్టలేదు. మిల్లుకు పోయే దారిలో, తాళాలు బాగుచేసే కొట్టుకూ కళ్ళజోళ్ళ షాపుకూ మధ్య ఇరుక్కుపోయి ఉండేది అది. గాజు పెట్టెలో మాసిన ముఖమల్ గుడ్డ మీద పెన్నులు వరసగా పడుకుని ఉండేవి. వాటిలో ముదురాకుపచ్చ రంగు ఫౌంటెన్ పెన్ను ఒకటి ఆమె కంట పడింది. అది అమ్ముడైపోయిందంటే ఆ రోజంతా మనసు చివుక్కుమంటూ ఉండేది. వారం తిరక్కుండా అలాంటిదే మరొకటి ఆ చోటికి వచ్చేది. అప్పుడు ప్రాణం కుదుటపడేది.

మిల్లులో ఆమెను అంకెలమ్మ అనేవారు. అసలు పేరు హాజరుపట్టీలో ఎక్కడో ఉండేది గానీ దాంతో పిలిస్తే ఆమే పలికేది కాదేమో. అది గుడ్డలకు రంగులద్దే మిల్లు. మొదటి నాలుగేళ్ళు రంగుతొట్ల దగ్గరే పనిచేసింది. ఇంటికొచ్చేసరికి మోచేతుల దాకా రంగే. "ఇవాళ ఊదా బట్టల ఆర్డరు వచ్చినట్టుందే" అని ఆమె చేతులు చూసి బస్సు డ్రైవరైన మొగుడు వేళాకోళమాడేవాడు. తొమ్మిదో తరగతిలో తల్లి మంచాన పడితే చదువు ఆపేసిన మనిషి ఆమె. అప్పటికే క్లాసులో లెక్కలంటే ఆమే, ఆమె అంటే లెక్కలే. బాయిలర్ గదిలో రీడింగులు రాసే మనిషి పని మానేసిన రోజున, అంకెలు చక్కగా రాయగలవాళ్ళు ఎవరున్నారని సూపర్‌వైజర్ అడిగాడు. అదే మిల్లులో పనిచేసే చెల్లెలు వెనకనుంచి ఒక్క తోపు తోసింది. ఆ తోపుకు ఆమె అందరి ముందుకూ వచ్చి పడింది. అప్పటినుంచి అదే ఆమె పని.

అరగంటకోసారి ప్రెషర్ మీటరు ముల్లు ఎక్కడుందో చూడాలి. గాజు గొట్టంలో నీళ్ళు ఎంత ఎత్తున ఉన్నాయో చూడాలి. రెండూ పుస్తకంలో రాయాలి. మీటరు మీద నూట నలభై దగ్గర ఎర్రగీత ఉండేది. ముల్లు దాన్ని దాటకూడదు. దాటితే బాయిలర్ నెత్తిన ఉన్న సేఫ్టీ వాల్వ్ దానంతటదే తెరుచుకుని, ఆవిరి వదిలేసి, వీధి చివరికి వినపడేలా కూత పెడుతుంది. పుస్తకం పక్కన మేకుకు దారంతో కట్టిన పెన్సిల్ వేలాడేది. పెన్సిల్‌తోనే రాయాలి, ఆవిరి తగిలితే ఇంకు కారిపోతుంది అని సూపర్‌వైజర్ మొదటిరోజే చెప్పాడు. ఆయన చెప్పాడు, ఈమె నమ్మింది. అందులో నమ్మకపోవడానికి ఏముంది?

నలభై ఒకటో ఏట ఒక మధ్యాహ్నం, సెలవు రోజున, మొగుడితో కలిసి ఆ దారిన వస్తూ అలవాటు కొద్దీ ఆగింది. ఆయన రెండడుగులు ముందుకు వేసి, వెనక్కి తిరిగి చూశాడు.

"ఆ అద్దానికి నీ ముక్కు గుర్తు పడిపోయింది. ఇంక లోపలికి పోదాం పద."

"నాకెందుకండీ పెన్ను? నేనేమన్నా కలెక్టర్నా?"

"నాకు మాత్రం హారన్ ఎందుకు? కొట్టుకుంటే సరదాగా ఉంటుంది" అన్నాడాయన, తలుపు తోస్తూ.

దుకాణదారు ముసలాయన. వేళ్ళ చివర్లు నీలంగా ఉన్నాయి. ఆ ముదురాకుపచ్చ పెన్ను చేతికివ్వకముందే ఒక కాగితం ముందుకు తోసి, ఏదైనా రాయమన్నాడు. ఎవరైనా పేరు రాస్తారు, లేదా సంతకం చేస్తారు. ఆమె సున్నా నుంచి తొమ్మిది దాకా రాసింది. ముసలాయన కాగితాన్ని కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశాడు. ఈ చేతికి సన్నపాళీ పనికిరాదు, కాస్త వెడల్పుది కావాలి అంటూ పాళీ మార్చాడు. పెన్సిల్‌కు అలవాటుపడ్డ వాళ్ళకు మొదట్లో చెయ్యి వణుకుతుందని, చెరపడానికి వీల్లేదన్న భయమే దానికి కారణమని, వారంలో పోతుందని చెప్పాడు. నీలి సిరా సీసా, సిరా పోసుకునే డ్రాపరు, తడి పీల్చే అద్దుడు కాగితం ఒకటి కలిపి పొట్లం కట్టిచ్చాడు. దారి పొడుగునా ఆమె ఆ పొట్లాన్ని గుడ్లబుట్ట మోసినట్టు మోసింది.

ఆ సాయంత్రం ఇల్లంతా సిరా వాసన. పెన్ను మధ్యకు విప్పి డ్రాపరుతో చుక్కలు చుక్కలుగా నింపింది. ఒక చుక్క బొటనవేలి మీద పడితే కడుక్కోబుద్ధి కాలేదు. పాళీ కాగితానికి తగలగానే చిన్న గరగర. అక్షరం మీద తడి ఒక్క క్షణం మెరిసి, కాగితంలోకి ఇంకిపోయి, నిలకడగా నిలబడేది. ఆ మెరుపు ఆరడం చూడ్డం కోసమే ఒకటి నుంచి వంద దాకా రాసింది. మొగుడు నడిపే బస్సు ఆగే స్టాపులన్నీ వరసగా రాసింది. పప్పుదినుసుల పేర్లు రాసింది. ఏం రాసినా అందంగానే కనిపించింది.

చెల్లెలు వచ్చి పెన్ను లాక్కుంది. ఆ పిల్లది ఇల్లు పీకి పందిరేసే రకం. పాళీ తిరగేసి పట్టుకుని గీకితే పడలేదు. అప్పుడు అక్క చేత చివాట్లు తిని సరిగ్గా పట్టుకుంది. చెల్లెలి పని బట్టలు ఆరబెట్టే గదిలో. బాయిలర్ గదికీ దానికీ ఒకటే గోడ. రాస్తూ రాస్తూ మాటల్లో అంది:

"మా గది గోడ ఈమధ్య పెనంలా ఉంటోందక్కా. తడి తువ్వాలు ఆనిస్తే పావుగంటలో ఇస్త్రీ అయిపోతోంది. సున్నం కూడా పెచ్చులు పెచ్చులుగా రాలుతోంది."

బావ నవ్వాడు. తన చొక్కాలు కూడా పంపిస్తానన్నాడు. అందరూ నవ్వారు. అంకెలమ్మ కూడా నవ్వింది. ఆ నవ్వు పూర్తిగా బయటికి రాకముందే లోపల ఎక్కడో ఏదో తగిలి ఆగింది. ఏమిటో తెలియలేదు. మళ్ళీ పెన్ను చేతికి రాగానే మరిచిపోయింది.

మర్నాడు పెన్ను మిల్లుకు తీసుకెళ్ళింది. పెన్సిల్ దారానికి వేలాడుతూనే ఉంది. పుస్తకం తెరిచి, ఆవిరికి కారిపోతే చూద్దాంలే అనుకుని, ఏడున్నర రీడింగు సిరాతో రాసింది. నూట పద్దెనిమిది. కారలేదు. ఎనిమిదికి రాసింది. కారలేదు. తొమ్మిదిన్నరకు కొత్తగా వచ్చిన ఆరబెట్టే యంత్రాలన్నీ ఒక్కసారి నడవడం మొదలయ్యాయి. ముల్లు పైకి పాకింది. నూట నలభై ఆరు. పదికి నూట నలభై తొమ్మిది. పదిన్నరకు నూట యాభై రెండు. ఈమధ్య రోజూ జరిగేదే. పెన్సిల్‌తో రాసినప్పుడు ఆ అంకెలు బూడిదరంగులో నీరసంగా ఉండేవి, చెయ్యి రాసేసి ముందుకు పోయేది. ఇప్పుడు వెడల్పు పాళీ వాటిని నీలంగా, నిబ్బరంగా నిలబెట్టింది. ఆమె తను రాసిందాన్ని మొదటిసారి చదివినట్టు చదివింది. తలెత్తి మీటరు చూసింది. ఎర్రగీత కిందుగా ఉంది, ముల్లు దాని మీదుగా సన్నగా అదురుతోంది.

మరి కూత ఏది?

ఆ కూత విని ఎన్నాళ్ళయిందో గుర్తు చేసుకోబోయింది. ఒకప్పుడు వారానికోసారైనా పెట్టేది. చెవులు మూసుకుని అందరూ తిట్టుకునేవారు. ఎప్పుడు ఆగిపోయిందో ఎవరూ గమనించలేదు. పీడా పోయిందనుకున్నారు. అంతే.

బాయిలర్ మంట చూసే పెద్దాయన వైపు తిరిగింది. ముప్పై ఏళ్ళుగా ఆ పొయ్యి ముందే ఉన్న మనిషి. ఆమె ఆయన్ని బాబాయ్ అనేది. ఆయన కూర్చునే స్టూలు ఎప్పుడూ పొయ్యి పక్కనే ఉండేది, నేల మీద దాని నాలుగు కాళ్ళ గుంటలు కూడా పడ్డాయి. ఇప్పుడది గుమ్మం దగ్గరుంది. తను చూస్తుండగానే ఈ రెండు మూడు నెలల్లో జానెడు జానెడుగా జరుగుతూ అక్కడికి చేరిందని ఆమెకు అప్పుడు తట్టింది. పెద్దాయన బొగ్గు వెయ్యడానికి లేస్తాడు, వేస్తాడు, వచ్చి మళ్ళీ గుమ్మంలో కూర్చుంటాడు. భోజనం బయట చెట్టు కింద చేస్తున్నాడు.

సాయంత్రం డ్యూటీ దిగుతూ పుస్తకం ఎప్పటిలాగే సూపర్‌వైజర్ బల్ల మీద పెట్టింది. తెల్లవారి వెళ్ళేసరికి ఆయనే బాయిలర్ గదిలో ఉన్నాడు. అంత పొద్దున్నే ఆయన అక్కడికి రావడం ఆమె ఎరగదు. నవ్వుముఖంతో పలకరించాడు. పెన్ను కొన్నావటగా, ఏదీ చూపించమన్నాడు. మూత తీసి పాళీని వెలుతురులో అటూ ఇటూ తిప్పాడు. చాలా మంచి పెన్ను అన్నాడు. ఇలాంటివి ఇంట్లో పిల్లలకు ఉత్తరాలు రాసుకోవడానికి పెట్టుకోవాలి గానీ బొగ్గు దుమ్ములోకి తేవచ్చా అన్నాడు. మాట్లాడుతున్నంతసేపూ పెన్ను ఆయన చేతిలోనే ఉంది. తిరిగి ఇస్తాడో ఇవ్వడో అని ఆమె చూపు దాని మీదనే ఉంది. చివరికి ఇచ్చాడు.

"పుస్తకంలో మాత్రం పెన్సిలే. గుర్తుంది కదమ్మా?"

గొంతు మెత్తగానే ఉంది. 

ఆయన వెళ్ళాక పుస్తకం తెరిచింది. నిన్నటి పేజీ లేదు. కుట్టు దగ్గర బ్లేడుతో కోసిన సన్నటి అంచు మాత్రం మిగిలింది.  దాని ముందు పేజీ చూసింది, అంతకు ముందుది చూసింది. పది గంటలకు నూట ఇరవై ఆరు. పదిన్నరకు నూట ఇరవై తొమ్మిది. అంతా పెన్సిలే, అంతా తన వరసే. అయితే మధ్యలో ఉన్న రెండు తను రాసే రెండు కాదు. తన రెండుకు తోక తిన్నగా ఉంటుంది. దీనికి వంకీ ఉంది. పుస్తకాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి ఏటవాలుగా పట్టుకుంది. పక్కనుంచి పడ్డ వెలుగులో, రబ్బరుతో రుద్దిన చోట కాగితం మీద సొట్ట కనిపించింది. రెండు కింద నాలుగు. అది ఆమె నాలుగే, నెత్తి తెరుచుకున్న నాలుగు. పేజీలు వెనక్కి తిప్పింది. ప్రతిచోటా అంతే. నూట నలభైలు నూట ఇరవైలయ్యాయి. నూట యాభైలు నూట ముప్పైలయ్యాయి. మూడు నెలలుగా తను రాసింది రాసినట్టుగా ఒక్క రోజు కూడా మిగల్లేదు.

మధ్యాహ్నం చెట్టు కిందికి వెళ్ళి పెద్దాయన ఎదురుగా కూర్చుంది. పుస్తకం సంగతి చెప్పింది. ఆయన ముద్ద కలుపుతూ కలుపుతూ ఆపేశాడు.

"వాల్వ్ ఎందుకు కూయడం లేదు బాబాయ్?"

 ఎవరూ లేరని నాలుగువైపులా చూసుకున్నాడు.

"వాల్వ్ కాడకి ఇనప దిమ్మ కట్టి ఉంది. తీగతో బిగించి. ఇంక అది లేవదు."

"ఎవరు కట్టారు?"

"కట్టింది నేనే అమ్మాయ్. కట్టమన్నది వాళ్ళు."

కొత్త యంత్రాలకు ఆవిరి చాలడం లేదట. నూట నలభై దాటగానే వాల్వ్ తెరుచుకుని ఆవిరంతా గాలికి పోతోందట. కొత్త బాయిలర్ వచ్చేదాకా కొన్నాళ్ళు సర్దుకోమన్నారట. కొన్నాళ్ళంటే ఎన్నాళ్ళో వాళ్ళూ చెప్పలేదు, ఈయనా అడగలేదు. ఇంకో ఎనిమిది నెలల్లో రిటైరవుతాడు. ఆ ఎనిమిది నెలలూ దొర్లిపోతే చాలని పళ్ళ బిగువున నెట్టుకొస్తున్నాడు. బాయిలర్ లోపల అతుకు దగ్గర ఈమధ్య టిక్కు టిక్కుమని చప్పుడు వస్తోందని, చల్లారేటప్పుడు రావడం మామూలే గానీ కాగేటప్పుడు రావడం తను ఎన్నడూ వినలేదని చెప్పాడు. చెప్పి, అన్నం అలాగే మూతపెట్టేసి లేచాడు.

ఆ రోజునుంచి ఆమె చెవులు ఆ చప్పుడు కోసమే బతికాయి. కొన్నిసార్లు వినపడేది. కొన్నిసార్లు వినపడక ఇంకా భయం వేసేది. బల్ల మీద గ్లాసులో నీళ్ళు సన్నగా వణికేవి. గోడ అవతల ఆడవాళ్ళ నవ్వులు వినపడేవి. అందరిలోకీ పెద్ద నవ్వు చెల్లెలిది. ఇంట్లో చెల్లెలితో చెప్పింది, ఏదో వంకతో వేరే గదికి మార్చుకోమని. పిచ్చా ఏమిటి అక్కా, రంగుతొట్ల దగ్గరకు పోయి మళ్ళీ చేతులు పాడుచేసుకోనా అని కొట్టిపారేసింది. మొగుడికి అంతా చెప్పింది. ఆయన ఆ రాత్రి హాస్యాలాడలేదు. రేపట్నుంచి పని మానెయ్ అన్నాడు. నేను మానేస్తే గోడ అవతల ముప్పై రెండు మంది ఉన్నారు కదండీ అంది. 

పది రోజుల తర్వాత సూపర్‌వైజర్ ఆమెను ఆఫీసు గదిలోకి పిలిపించాడు. బల్ల మీద కొత్త పుస్తకం, పక్కన కొత్త సిరా సీసా. ఏడాదికోసారి వచ్చే బాయిలర్ ఇన్‌స్పెక్టర్ వచ్చే వారం వస్తున్నాడట. పాత పుస్తకం రబ్బరు గీతలతో మాసిపోయి చూడ్డానికి అసహ్యంగా ఉందట. మూడు నెలల రీడింగులూ శుభ్రంగా సిరాతో ఎత్తి రాసి, ప్రతి పేజీ కిందా సంతకం పెట్టమన్నాడు.

"మొన్న వద్దన్నానని మనసులో పెట్టుకోకు. నీ పెన్నుకి ఇప్పుడు పని పడింది. సిరాతో ఉంటే చూసేవాళ్ళకి నమ్మకం కుదురుతుంది."

నాలుగు రోజులు టైమిచ్చాడు. కిటికీ పక్క కుర్చీ ఇచ్చాడు. బాయిలర్ దగ్గర ఆ నాలుగు రోజులూ రీడింగులు ఎవరూ రాయలేదు.

మొదటి పేజీ ఎత్తి రాయడం మొదలుపెట్టింది. చెయ్యి దానంతటది పోతోంది. మంచి కాగితం, పాళీ జారిపోతోంది. నూట ఇరవై ఆరు, నూట ఇరవై తొమ్మిది. అంకెలు ముత్యాల్లా కుదురుతున్నాయి. సగం పేజీ దాటాక తను సుఖపడుతోందని ఆమెకు తెలిసింది.  అబద్ధాన్ని కూడా ఇంత అందంగా రాస్తోంది తన చెయ్యి. దానికి ఆ తేడా తెలియడం లేదు. పెన్ను కింద పెట్టింది.

తర్వాత ఆ కాగితాన్ని జాగ్రత్తగా తీసేసి, మళ్ళీ మొదటి పేజీ నుంచి మొదలుపెట్టింది. ఈసారి పాత పుస్తకాన్ని బల్ల మీద పరచలేదు. ఎడమచేత్తో కిటికీ వెలుగుకు ఏటవాలుగా ఎత్తి పట్టుకుంది. పైన ఉన్న అంకెను చూడకుండా, కింద సొట్టలో ఉన్న అంకెను చదివి రాసింది. ఒక్కో అంకెకు ఒక్కోసారి చాలాసేపు పట్టేది. వేలి కొనతో తడిమి చూసుకునేది. నాలుగు. నాలుగు. అయిదు. మబ్బు పట్టి వెలుగు తగ్గితే ఆగేది. సరిగ్గా తెలియని చోట ఖాళీ వదిలేసింది. తను సిరాతో రాసిన ఆ ఒక్క రోజు దగ్గర "ఈ రోజు పేజీ పుస్తకంలో లేదు" అని రాసింది.

రెండో రోజు సూపర్‌వైజర్ వచ్చి వెనకాల నిలబడ్డాడు. ఆమె రాస్తూనే ఉంది. పొద్దున రీడింగులు ఎప్పుడూ తక్కువే, యంత్రాలు అప్పటికి నడవవు. ప్రతి పేజీకీ పై నాలుగు వరసలూ నూట పద్దెనిమిది, నూట ఇరవై. ఆయన చూపు ఆ నాలుగు వరసల మీద ఆగింది. కాసేపు ఆగి, బాగుంది అన్నాడు. వంగి, ఆమె సంతకం పక్కన తన సంతకం పెట్టాడు. తడి ఆరకముందే పేజీ తిప్పేసి ఇంకోదాని కింద పెట్టాడు. మిగిలినవి కూడా ఏ రోజుకారోజు వచ్చి అలాగే పెట్టాడు. ఒక్కసారైనా కిందికి చదువుతాడని ఆమె ఎదురుచూసింది. చదవలేదు.

ఇన్‌స్పెక్టర్ సన్నగా, జలుబుతో ముక్కు తుడుచుకుంటూ వచ్చాడు. మిల్లు యజమాని తమ్ముడు టీ తెప్పించాడు. ఇన్‌స్పెక్టర్ టీ తాగుతూ పుస్తకం తెరిచాడు. చేతిరాత ఎవరిదో చాలా బాగుందన్నాడు. వేలు వరసల మీదుగా కిందికి దిగింది. ఒకచోట ఆగింది. ఇంకో పేజీ తిప్పాడు. టీ గ్లాసు కింద పెట్టాడు. అది రెండై ఉంటుందన్నాడు సూపర్‌వైజర్. ఇన్‌స్పెక్టర్ ఆమెను పిలిపించాడు.

"ఇది నాలుగా, రెండా?"

సూపర్‌వైజర్ ముఖంలో రక్తం లేదు. తల్లీ, రెండని చెప్పు అని ఆయన కళ్ళు బతిమాలుతున్నాయి.

"నాలుగేనండి" అంది ఆమె. వేలు పక్క వరస మీదికి జరిపింది. "అక్కడ అయిదు కూడా అయిదేనండి."

పొరపాటున రాసిందని, చదువు అంతంతమాత్రమని సూపర్‌వైజర్ గబగబా మొదలుపెట్టాడు. ప్రతి పేజీ మీదా మీ సంతకం ఉంది కదా అన్నాడు ఇన్‌స్పెక్టర్, ఆయన వైపు చూడకుండానే. లేచి బాయిలర్ గదిలోకి వెళ్ళి నిచ్చెన ఎక్కాడు. పైన రెండు నిమిషాలు కూడా లేడు. దిగేటప్పుడు మాత్రం ఒక్కో మెట్టూ చూసుకుంటూ, చప్పుడు కాకుండా దిగాడు, ఎవరో నిద్రపోతున్నవాళ్ళను లేపకూడదన్నట్టు. 

"ఈ గోడ అవతల ఎవరున్నారు?"

ముప్పై రెండు మంది ఆడవాళ్ళని పెద్దాయన చెప్పాడు.

పరుగెత్తకుండా, అరవకుండా, అందరినీ వీధి చివరికి పంపమన్నాడు. పెద్దాయన పొయ్యిలో మంట లాగేశాడు. చివరగా ఆయనా బయటికి వచ్చాడు. ఎండలో వందమంది వరసగా నిలబడి ఆ పొగగొట్టం వైపే చూశారు. పొగ పలచబడి, తీగలా సాగి, తెగిపోయింది. లోపలినుంచి టిక్కు టిక్కుమనే చప్పుడు అక్కడిదాకా వినపడినట్టు ఆమెకు అనిపించింది. చీకటి పడే వేళకు గానీ ఆగలేదు.

మూడో రోజు బాయిలర్ చల్లారాక విప్పి చూశారు. అతుకు వెంట జానెడు పొడుగున పగులు. ఇన్‌స్పెక్టర్ అందులో గోరు పెట్టి చూపించాడట. అది ఎన్నాళ్ళు ఆగేదని ఎవరో అడిగితే ఆయన ముక్కు తుడుచుకున్నాడట.

మిల్లు మూతపడింది. రెండు నెలలకు పైగా తెరవలేదు. సూపర్‌వైజర్‌ను ఎటో పంపేశారు. అంకెలమ్మను కూడా తీసేశారు. కాగితం మీద ఏదో వేరే కారణం రాశారు. ఆమె అది ఊహించిందే. ఊహించనిది వీధి. నిన్నటిదాకా ఆమెతో నవ్వుతూ మాట్లాడినవాళ్ళు కుళాయి దగ్గర ఆమె రాగానే బిందెలు ఎత్తుకుని పోయేవారు. పొయ్యిలో పిల్లి లేవడం లేదని వినపడేలా అనేవారు. ఏదైనా జరిగి ఉంటే ఆమె దేవత అయ్యేది. ఏమీ జరగలేదు కాబట్టి నోటికాడ కూడు తీసేసిన మనిషి అయింది.

చెల్లెలు మూడు వారాలు గుమ్మం తొక్కలేదు. తర్వాత ఒకరోజు వచ్చి, గడపలోనే నిలబడి అంది:

"ఏమీ కాలేదు కదక్కా. ఆ గోడ అలాగే ఉంది. నీకు ఏదో ఒకటి అవుతుందని ఎందుకంత నమ్మకం?"

గోరు పట్టేంత పగులు గురించి చెప్పాలనుకుంది. చెల్లెలి ముఖం చూసింది. ఎదురుగా నిలబడి, ఊపిరి తీస్తూ, కోపంతో ఎర్రబడి ఉంది ఆ ముఖం.  కాస్త మజ్జిగ తాగిపోవే అంది చివరికి. చెల్లెలు తాగింది. గ్లాసు కడిగి బోర్లించి వెళ్ళింది. మాటలు మళ్ళీ కలవడానికి ఇంకా చాలా రోజులు పట్టింది.

పెన్నుల దుకాణం ముసలాయన తన కొట్టు ముందు ఆమెకు ఒక చిన్న బల్ల వేసుకోనిచ్చాడు. అర్జీలు రాసుకునేవాళ్ళు, ఫారాలు నింపుకోలేనివాళ్ళు వచ్చేవారు. ఎవరు ఏం చెబితే అది, చెప్పింది చెప్పినట్టే రాసేది. కాస్త పెంచి రాయమంటే పెన్నుకు మూత పెట్టేసేది. దాంతో కొందరు విసుక్కుని పోయేవారు. ఆ మాట ఊరంతా పాకి, కొందరు ఏరికోరి ఆమె దగ్గరికే వచ్చేవారు.

మిల్లుకు కొత్త బాయిలర్ వచ్చిన నెలలో, ఒక ఉదయం ఆ వీధిలో పెద్ద లారీ ఆగింది. దాని మీద తాళ్ళతో కట్టి ఉన్నదాన్ని చూసి ఆమె లేచి నిలబడింది. నిగనిగలాడే కొత్త వెండి రంగు వేశారు. పగులున్న చోట ఒక పలక అతికించి దాని మీద కూడా రంగు పూశారు. ఏడేళ్ళు దాని ముందు కూర్చున్న మనిషికి అది ఏదో తెలియకపోతుందా? డ్రైవరు తాళం కొట్టు దగ్గర బీడీ కాలుస్తున్నాడు. ఎక్కడికని అడిగింది. అతను ఒక ఊరు పేరు, ఒక మిల్లు పేరు చెప్పాడు. వాళ్ళ బాయిలర్ పాడైతే దీన్ని అమ్మారని, ముక్కలుగా కోసి పడేసే ఇనుమని ఇక్కడ రాయించి బయటికి తెచ్చారని నవ్వుతూ చెప్పాడు. ఇదెప్పుడూ ఉండేదే అన్నట్టు చెప్పాడు. బీడీ పారేసి, బండెక్కి పోయాడు.

అప్పటికప్పుడు కూర్చుని ఆ మిల్లుకు ఉత్తరం రాసింది. పగులు ఎక్కడుందో, ఎంత పొడుగో, ముల్లు ఏ రోజున ఎంత చూపించిందో, గుర్తున్నంతవరకు రాసింది. ఆవిరి పెట్టకముందు ఇన్‌స్పెక్టర్ చేత చూపించమని రాసింది. ఇన్‌స్పెక్టరు ఆఫీసుకూ ఒకటి రాసింది. రెండూ తనే పోస్టు చేసి వచ్చింది.

ఆఫీసు నుంచి ఏమీ రాలేదు. మిల్లు నుంచి ఇరవై రెండో రోజున కవరు వచ్చింది. లోపల టైపు కొట్టిన రెండు వాక్యాలు.

"మీ ఉత్తరం అందినది. మా బాయిలరుకు సంబంధించిన రీడింగులన్నియు పరిమితి లోపలనే ఉన్నవని తెలియజేయుచున్నాము."

రెండుసార్లు చదివింది. సాయంత్రం మొగుడు డ్యూటీ దిగి వచ్చి, కాగితం ఆమె చేతిలోంచి తీసుకుని తనూ చదివాడు. ఆ ఊరికి బస్సు ఎలా అని ఆమె అడిగింది. రెండు బస్సులు మారాలని, పొద్దున మొదటి బండికి బయల్దేరితే మధ్యాహ్నానికి చేరతామని చెప్పాడు. ఎల్లుండి తనకు సెలవు అన్నాడు.

"ఎల్లుండి దాకా ఎందుకండీ" అంది ఆమె, "రేపే పోదాం."